ఖాతాదారు అందుబాటులో లేరు

మార్చి 3

అక్క వాళ్ళింటికి వచ్చాను. భుజం నొప్పి, విశ్రాంతి కావాలి అని అందరికీ చెప్పాను. డాక్టరు అన్న మాటే కాబట్టి అబద్ధమేమీ కాదు. పాత సోఫాలకు కొత్త గుడ్డ బిగించడం నా పని. లాగి లాగి కుడి భుజం పట్టేసింది. అది మాత్రం ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?

అక్క ఏమీ అడగలేదు. నా పెట్టె ఎత్తి చూసి, "భుజం నొప్పికి ఇన్ని బట్టలెందుకే?" అంది, అంతే.

ఇక్కడ నా ఫోనుకు సిగ్నల్ లేదు. ఇల్లు గుట్ట కింద మలుపులో ఉంది. మా కంపెనీ టవరు గుట్టకు అవతల ఉందట. మా కంపెనీ అని రాశాను చూడు, అదేదో మా నాన్న పెట్టినట్టు.

మార్చి 4

బావ తన దగ్గర ఖాళీగా పడి ఉన్న సిమ్ ఇచ్చాడు. అది వేరే కంపెనీది, ఈ గుట్ట కింద కూడా బాగా పనిచేస్తుంది. వేశాం. ఈ సిమ్ ఈ ఫోనులో చెల్లదు అని తెర మీద వచ్చింది. బావ సిమ్ తీసి, చొక్కాకు తుడిచి, ఊది, మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే మాట.

అప్పుడు తెలిసింది, ఈ ఫోనుకు కంపెనీవాళ్ళు తాళం వేసి ఉంచారని. వాళ్ళ సిమ్ తప్ప ఇంకేదీ ముట్టదు. వాయిదాల మీద కొన్న రోజు కౌంటర్లో అమ్మాయి కవరు గురించీ, అద్దం మీద అంటించే రేకు గురించీ అరగంట చెప్పింది. తాళం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వాయిదాలు పోయిన ఏడాదే తీరిపోయాయి. తీరాక తాళం తీస్తామని కూడా ఎవరూ ఫోన్ చేయలేదు. ఒక్క వాయిదా ఆలస్యమైతే మాత్రం పొద్దున్నే చేసేవాళ్ళు.

"మొగుడి కంటే కట్టుదిట్టంగా ఉందే ఈ కంపెనీ" అన్నాడు బావ. నేను నవ్వలేదు. అక్క చూసిన చూపుకు ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

నాకు సిగ్నల్ కావాల్సింది హోటల్ మేనేజరు కోసం. భోజనాల హాలు కుర్చీలన్నీ, ముందు హాలులో సోఫాలు. అంత పెద్ద పని నాకు ఇంతవరకూ రాలేదు. అక్క ఫోను నుంచి హోటల్‌కు చేస్తే, మేనేజరుగారు ఊళ్ళో లేరు, వచ్చాక ఆయనే చేస్తారు, మీ నంబరు మా దగ్గరుంది అన్నారు. ఆ ఫోను కోసమే చూస్తున్నాను. ఇంకెవరి ఫోను కోసమూ కాదు.

మార్చి 5

మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఫోను తలకంటే పైకెత్తితే ఒక గీత వస్తుంది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు కనిపెట్టాను. మూడు మెసేజీలు వచ్చాయి. మూడూ కంపెనీవే, పాటలు కొనుక్కోమని.

అక్క తన నంబరు హోటల్‌వాళ్ళకు ఇవ్వలేకపోయావా అంది. తోచలేదన్నాను. పనిచేసుకునేవాళ్ళకు ఒక నంబరంటూ ఉండాలి, ఊరంతా అదే తెలుసు, మార్చకూడదు. ఇదంతా అక్కకు చెప్పాను. ఊ అంది.

మార్చి 6

బజారులో ఫోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్ళమన్నాడు. "తాళం ఊడొస్తుందమ్మా. లోపలున్నవి ఉంటాయో పోతాయో మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. లోపలున్నవి అంటే నేను చేసిన ప్రతి సోఫా ఫొటో, ప్రతి కుర్చీ కొలత, ఎవరింట్లో ఏ గుడ్డ వాడానో మొత్తం. వద్దన్నాను.

"అయితే కంపెనీనే అడగండి. డబ్బు కట్టేశారుగా, తీసివ్వాలి."

నాకూ అదే సబబనిపించింది. నా వస్తువును నేను దొంగచాటుగా తెరిపించుకోవడమేమిటి?

మార్చి 7

కంపెనీకి అక్క ఫోను నుంచి చేశాను. చాలాసేపు పాట వినిపించారు. ఆ పాట కొనుక్కోమనే కాబోలు ఆ మెసేజీలు. చివరికి ఒక అబ్బాయి ఎత్తి, నా పేరడిగి, వెతికి, "సారీ మేడం, ఈ నంబరుకు ఖాతాదారు మీరు కాదు" అన్నాడు.

"వాడేది నేను. డబ్బు కట్టింది నేను."

"ఖాతాదారు మాట్లాడాలి మేడం."

ఖాతాదారు ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పెట్టేశాను.

మా పెళ్ళిరోజున కొన్నాం, ఒకేలాంటివి రెండు ఫోన్లు. ఫారాలు నింపుతుంటే మా ఆయనకు సరదా పుట్టింది. "నీ ఫోను నా పేరున, నా ఫోను నీ పేరున రాయిద్దాం. ఒకళ్ళకొకళ్ళం కొనిపెట్టినట్టుంటుంది" అన్నాడు. నేను మురిసిపోయాను. కౌంటర్లో అమ్మాయి, భలే ఉంది సార్ అంది. ముగ్గురం కలిసి చేసిన నిర్వాకం అది. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోనుకు ఖాతాదారు ఆయన. ఆయన జేబులో ఉన్నదానికి ఖాతాదారును నేను.

అక్క విని పడీపడీ నవ్వింది. నవ్వు ఆపి, "అంటే అతని ఫోను నువ్వు ఆపించెయ్యొచ్చన్నమాట" అంది. నాకా ఆలోచనే రాలేదన్నాను.

మార్చి 8

వచ్చింది.

మార్చి 10

ఆ సంగతి రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇక్కడికెందుకు వచ్చానో నాకే అనుమానం వచ్చేలా ఉంది.

పోయిన నెల ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు హోటల్ మేనేజరు నాకు ఫోన్ చేశాడు. మా ఆయన ఎత్తాడు. "ఆవిడ చెయ్యదండీ, భుజం బాగాలేదు, ఇంకెవర్నైనా చూసుకోండి" అన్నాడు. పెట్టేసి, నాతో మాట మాత్రం చెప్పకుండా పనికి పోయాడు. రెండు వారాల తర్వాత గుడ్డల కొట్టు ఆయన చెబితే తెలిసింది. "హోటల్ పని వద్దన్నారటగా? అంత గీర ఏంటమ్మా?" అన్నాడు నవ్వుతూ. అందరి ముందూ నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి అడిగితే, "నీ మంచికే చెప్పాను. రాత్రిళ్ళు మూలుగుతున్నది నువ్వు కాదా?" అన్నాడు. మూలుగుతాను. భుజం నాది, మూలుగు నాది, ఒప్పుకోవాలో వద్దో చెప్పాల్సిన నోరూ నాదే. అది చెబుతుంటే, చేసిన మేలు కనపడదా అని కంచం ముందునుంచి లేచాడు. ఇన్నేళ్ళలో ఆయన కంచం ముందునుంచి లేవడం అదే మొదలు. నేను పెట్టె సర్దడమూ అదే మొదలు.

నాకు కోపం తగ్గలేదు. రాసుకుంటుంటే ఇంకా పెరిగింది.

మార్చి 12

కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళాను. చీటీ తీసుకుని కూర్చోమన్నారు. కుర్చీలు చూడాలి. రెక్సిన్ మూలల్లో మడత పెట్టకుండా కోసేసి పిన్నులు కొట్టారు. నా కిందిదైతే చిరిగి, ఫోము బయటికొచ్చి, వచ్చినవాళ్ళంతా కోపం కొద్దీ గిల్లినట్టు గుంటలు పడి ఉంది. నేనూ కాస్త గిల్లాను.

కౌంటర్లో అమ్మాయి అదే పాట అందుకుంది, ఖాతాదారు రావాలని.

"తీయము అని కాగితం మీద రాసివ్వు తల్లీ, పోతాను."

"అలా రాసివ్వం మేడం."

"తీయరు, తీయమని రాసివ్వరు. మరి కూర్చుంటాను."

కూర్చున్నాను. మధ్యాహ్నానికి మేనేజరు వచ్చాడు. మా రూలు మేడం అన్నాడు. ఆ రూలు చూపించమన్నాను. హెడ్డాఫీసులో ఉంటుందన్నాడు. గోడకు చెప్పుకున్నా అది కాసేపు వింటుంది, ఈయన వాచీ చూసుకుంటున్నాడు. లేచి వచ్చేశాను.

మార్చి 13

"మా మరదలు వచ్చినప్పటినుంచి మన బట్టలు రోజుకు నాలుగుసార్లు ఆరుతున్నాయి" అన్నాడు బావ.

మార్చి 14

కోర్టు వీధిలో వినియోగదారుల సహాయ కేంద్రం ఉందని గుడ్డల కొట్టు ఆయనే చెప్పాడు. చిన్న గది, రెండు బల్లలు. ఉన్నది ఒక పెద్దావిడ. ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద. నేను తెచ్చిన కొనుగోలు కాగితాలన్నీ పరిచి, ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. నేను రెండేళ్ళు సొరుగులో పడేసి, పెట్టె సర్దిన రోజు కోపంలో చేతికందినట్టు కుక్కుకొచ్చిన కాగితాలు అవి.

"ఇదిగో చూడు. బాకీ తీరిన తర్వాత కొన్నవాళ్ళు అడిగితే ఏ ఖర్చూ లేకుండా తాళం తీసివ్వాలని వాళ్ళే రాసుకున్నారు. అమ్మేటప్పుడు నీకు చెప్పకపోవడం ఒక తప్పు. అడిగితే రాసివ్వకపోవడం రెండో తప్పు. ఫిర్యాదు పెడదాం" అంది. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత, "అయినా మీవారు ఒక్క మాట చెబితే తేలిపోయేదానికి ఇంత దూరం ఎందుకొచ్చావు? ఊళ్ళో లేరా?" అంది.

లేరన్నాను.

ఊళ్ళోనే ఉన్నాడు. ఆ కిటికీలోంచి కనిపించే బ్యాంకు మేడలో లిఫ్టు చెడిపోయినప్పుడల్లా బాగుచేసేది ఆయనే. వచ్చేటప్పుడు ఆ మేడ ముందు కాసేపు నిలబడ్డాను, ఎండగా ఉందని.

మార్చి 16

ఆయన ఫోన్ చేస్తూనే ఉండి ఉంటాడు. సిగ్నల్ లేకపోతే ఎలా తెలుస్తుంది? అక్కతో ఇదే అన్నాను. "ఇంటికి దారి తెలియదా అతనికి?" అంది అక్క. లిఫ్టుల పని, సెలవు దొరకదన్నాను. ఆయన తరఫున నేనెందుకు మాట్లాడానో నాకే అర్థం కాలేదు.

మార్చి 17

చేశాను. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు కంపెనీకి చేసి, ఆయన నంబరు చెప్పి, నా పేరు చెప్పాను. పాట కూడా వినిపించలేదు.

"ఖాతాదారు మీరే మేడం. ఏం చెయ్యమంటారు?"

"ఆ నంబరు ఆపాలంటే?"

"ఇప్పుడే ఆపేస్తాం మేడం. ఆపమంటారా?"

తాళం తీయమంటే కాళ్ళరిగేలా తిప్పినవాళ్ళు గొంతు కొయ్యమంటే మాత్రం కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఊ అంటే చాలు. ఎక్కడో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది, లోపల చిక్కుకున్నవాళ్ళ కోసం ఆయనకు చేస్తారు, అందుబాటులో లేరని వస్తుంది. ఆయన పనీ పోతుంది. ఆయన్ని అడక్కుండా ఆయన పని గురించి నేను ఒక మాట చెప్పేసినట్టవుతుంది.

అలా అనుకోగానే ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు.

వద్దన్నాను. "ఇంకేమైనా సేవ కావాలా మేడం?" అన్నాడు. పెట్టేశాను.

మార్చి 20

కళ్ళజోళ్ళావిడ అక్క ఫోనుకు చేసి రమ్మంది. కంపెనీ జవాబు వచ్చింది. ఆవిడ చదివి వినిపించింది: తాళం తీయడానికి అభ్యంతరం లేదు. ఖాతాదారు సమ్మతి కోసం ఆయన నంబరుకు పలుమార్లు ఫోన్ చేశాం. ఖాతాదారు అందుబాటులో లేరు. ఫిర్యాదు మూసివేయడమైనది.

"ఏ నంబరుకు చేశారట?" అన్నాను.

ఆవిడ చూపించింది. నా నంబరు. ఆయన పేరున ఉన్నది నా చేతిలో ఉన్న ఫోనే కదా. సిగ్నల్ లేదు, తాళం తీయండి మొర్రో అంటుంటే, ఆ సిగ్నల్ లేని ఫోనుకే చేసి, ఎత్తలేదు కాబట్టి తీయము అన్నారు. ఆవిడకు మొదటినుంచి విడమరిచి చెప్పాను, పెళ్ళిరోజు సరదాతో సహా. ఆవిడ రెండు కళ్ళజోళ్ళూ తీసేసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"మళ్ళీ తెరిపిస్తాను. మీవారి దగ్గరున్న నంబరు ఇవ్వు, దానికి చెయ్యమందాం."

పెన్ను తీసుకుని చాలాసేపు పట్టుకున్నాను. ఆయన్ని అడుక్కోవడం ఇష్టం లేకనే కదా ఇంత తిరిగింది. తాళం తీయొద్దంటాడేమో. లేదా, తీసెయ్యండి, ఆవిడకు కావాలి అంటాడు, అది ఇంకా ఒళ్ళు మండే మాట. మళ్ళీ నా తరఫున ఆయనే.

రాసిచ్చాను.

మార్చి 22

ఏమీ లేదు.

మార్చి 23

బట్టలు లేకపోయినా మేడ ఎక్కాను. ఒక గీత. ఏమీ లేదు.

మార్చి 26

కళ్ళజోళ్ళావిడ ఈసారి నవ్వడం లేదు. "మీవారు భలే మనిషమ్మా. ఒక్క అవును అంటే అయిపోయేదానికి ఇంత చేశారు" అని కాగితం నా ముందుకు తోసింది.

ఖాతాదారుతో మాట్లాడడమైనది. ఖాతాదారు సమాధానం: ఫోను ఆవిడది, ఏం చెయ్యాలో ఆవిడనే అడగండి, ఆవిడ తరఫున నేను చెప్పను. సమ్మతిగా గానీ నిరాకరణగా గానీ దీన్ని పరిగణించలేము. పెండింగ్.

మళ్ళీ చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఏడవకమ్మా, ఇంకో ఉత్తరం రాద్దాం" అంది పాపం ఆవిడ. ఆవిడకేం తెలుసు. ఈ ఒక్క మాట హోటల్ మేనేజరుతో అని ఉంటే నేను పెట్టె సర్దేదాన్నే కాదు. చెప్పాల్సినప్పుడు చెప్పకుండా, చెప్పకూడని చోట చెప్పాడు, నా పని మళ్ళీ ఆగింది. అయినా ఎంత హాయిగా ఉందో రాయలేను.

మార్చి 27

మేడ ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడి, నా ఫోను నుంచే చేశాను. మొదటిసారి మోగగానే ఎత్తాడు.

"నేనే" అన్నాను.

"తెలుసు."

"కంపెనీ ఆఫీసుకు ఇద్దరం వెళ్ళి పేర్లు మార్పించుకోవాలి. శనివారం కుదురుతుందా?"

"నీకు కుదురుతుందా?" అన్నాడు.

అంతలో గీత పోయింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఫోను పైకెత్తి పట్టుకున్నాను. రెండో గీత కోసం ట్యాంకు నిచ్చెన కూడా ఎక్కాను. కిందినుంచి అక్క, "భుజం జాగ్రత్తే" అని అరిచింది.

మార్చి 29

నాకంటే ముందే వచ్చి ఆ చిరిగిన కుర్చీలోనే కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా మాత్రం ఇస్త్రీ లేదు. పక్క కుర్చీలో కూర్చున్నాను.

"ఈ మూలలు చూశావా, ఎంత ఘోరమో" అన్నాడు. నా దగ్గర నేర్చుకున్న మాటే.

"ఇన్ని రోజులూ నాకు ఫోన్ చేశారా?" అని అడిగాను. అడక్కూడదనుకున్న మాట అదే ముందొచ్చింది.

"రెండుసార్లు. రెండుసార్లూ అందుబాటులో లేరంది. కావాలనే తీసి పడేశావనుకున్నాను. ఇంటికొద్దామని బస్సెక్కాను ఒకరోజు. నువ్వు రమ్మనకుండా రావడమెందుకని మధ్యలో దిగిపోయాను."

రెండే. నేను అక్కకు రోజుకు పదిసార్లు చేస్తుంటాడని చెప్పాను. ఏడుపొచ్చింది, ఆ బస్సు సంగతికి నవ్వూ వచ్చింది. "నువ్వు మేడ మీద ఉండేదానివా?" అన్నాడు. బావ చెప్పాడేమో. నేను చీటీ మీద నంబరు చూసుకున్నాను.

కౌంటర్లో అదే అమ్మాయి. ఆయన్ని చూసి, "సార్, మేడంగారి ఫోను లాక్ తీసెయ్యమంటారా?" అంది. ఆయన నా వైపు చూశాడు. నోరు మెదపలేదు. నేను తీయమన్నాను. పేర్లు మార్చారు. నాది నాకు, ఆయనది ఆయనకు. ఏదో సంఖ్య ఇచ్చి నొక్కమన్నారు. నొక్కాను. బావ ఇచ్చిన సిమ్ వేయగానే నాలుగు గీతలూ నిటారుగా లేచి నిలబడ్డాయి. నా నంబరు కూడా ఆ సిమ్ కంపెనీకి మార్చుకోవడానికి అక్కడే అడిగాను. ఆ అమ్మాయి మొహం మాడ్చుకుని సరేనంది.

మెట్ల దగ్గర, "అందుబాటులో లేరని ఇక చెప్పదు కదా ఇది?" అన్నాడు.

"చెప్పదు."

"ఎత్తకపోతే, నువ్వు ఎత్తలేదని తెలుస్తుంది."

"తెలుస్తుంది" అన్నాను. ఆయనకు బ్యాంకు మేడ నుంచి ఫోనొచ్చింది. వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 4

నా నంబరు కొత్త కంపెనీకి మారింది. వంటింట్లో నాలుగు గీతలు. మంచం కింద పెట్టినా నాలుగే. అక్క బట్టలు ఇవాళ ఒక్కసారే ఆరాయి.

హోటల్ మేనేజరు చేశాడు. కుర్చీల పని ఇంకొకరికి ఇచ్చేశాడట. ముందు హాలు సోఫాలు మాత్రం మిగిలాయి, వచ్చి చూస్తారా అన్నాడు. "మీ భుజం ఎలా ఉందమ్మా? బాగాలేదని మీవారన్నారు."

"నా భుజం సంగతి నన్నే అడగండి సార్. బాగానే ఉంది. సోమవారం వస్తాను" అన్నాను.

ఏప్రిల్ 5

సాయంత్రం అందరం కూర్చుని ఉండగా ఫోను మోగింది. ఆయన పేరు. అక్కా బావా ఒక్కసారిగా పేపరు చదవడం మొదలుపెట్టారు, ఇద్దరూ ఒకే పేపరు. సిగ్నల్ లేదనుకోవడానికి లేదు. కాసేపు మోగనిచ్చి ఎత్తాను.

"నీ స్టేప్లర్ గన్ను ఇక్కడే ఉంది. సోమవారం హోటల్‌కు వెళ్తున్నావటగా, మీ బావ చెప్పాడు, కావాలేమో. తెచ్చివ్వనా, నువ్వే వస్తావా?" అన్నాడు.

అడిగాడు.

నేనే వస్తానన్నాను. గన్ను తీసుకెళ్ళడానికా, ఉండడానికా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

పెట్టె సర్దుతుంటే అక్క వచ్చి గుమ్మంలో నిలబడి, "భుజం తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. నిజానికి వచ్చిన మూడో రోజే తగ్గింది. బట్టలు సగమే సర్దాను. మిగతా సగం అక్క బీరువాలోనే ఉంచాను.